జారిన నిషాదం

"ఆ పాట తీసెయ్ తల్లీ."

సంగీత విభాగం గుమ్మంలో నిలబడి ముసలాయన అన్న మొదటి మాట అది.

శివజ్యోతి కంప్యూటర్ మీద నుంచి తలెత్తింది. తలకు తువ్వాలు చుట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఎండలో చాలా దూరం నడిచినట్టున్నాడు.

"ఏ పాట తాతా?"

"ఫోన్లో పెట్టినావంట గదా, సన్నాయి. మా మనవరాలు సాజియా చూపిచ్చె."

అప్పుడు అర్థమైందామెకు.

శివజ్యోతి కడపలో ఎం.ఏ. సంగీతశాస్త్రం రెండో ఏడు చదువుతోంది. పాతికేళ్ళ కిందటి తన అమ్మానాన్నల పెళ్ళి క్యాసెట్లో ఉన్న నాదస్వరం మీదే ఆమె పరిశోధన. అందులో కల్యాణి రాగాలాపన ఉంది. ఒకచోట నిషాదం, అంటే 'ని' స్వరం, పైకి ఎక్కబోయి, ఉన్నట్టుండి కిందికి జారి, వణికి, మళ్ళీ లేస్తుంది. అలాంటిది ఏ గ్రంథంలోనూ ఆమెకు కనపడలేదు. వాయించింది ఎవరో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అందుకే ఆ ముక్కను యూట్యూబ్‌లో పెట్టి, తెలిసినవాళ్ళు చెప్పండని రాసింది.

ఆత్రంగా కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఎవరు వాయించారో మీకు తెలుసా?"

"ఆయప్ప లేడులేమ్మా. ఆ పొద్దే పోయినాడు."

"మరి మీరు?"

ముసలాయన చేతిలోని చెప్పులు గుమ్మం పక్కన పెట్టాడు.

"ఒత్తు పట్టినా."

ఒత్తు అంటే నాదస్వరం పక్కన కూర్చుని, శృతి కోసం ఒకే స్వరాన్ని ఊదుతూ ఉండే వాద్యం. ఆమె ఆత్రం అక్కడే చల్లారిపోయింది.

"ఎందుకు తీసెయ్యమంటున్నారు?"

"ఆడ తప్పు పోయిండాది తల్లీ. నిసాదం నిలబడాల. నిలబడల్యా. తప్పు వాయిచ్చింది పదిమందికి ఇనిపిస్తే ఎట్ల?"

"అది తప్పు కాదు తాతా, ప్రయోగం. మా మేడం కూడా ఒప్పుకున్నారు. నా థీసిస్ అంతా దాని మీదే ఉంది."

"పయోగం గాదమ్మా. ఊపిరి సాల్లా."

శివజ్యోతికి విసుగొచ్చింది. ఎల్లుండే వైవా.

"ఒత్తు పట్టేవాళ్ళకు శృతి తెలుస్తుంది తాతా. రాగం తెలియాలంటే చదవాలి."

అనేశాక నాలుక కరుచుకుంది. ముసలాయన మాత్రం ఏమీ అనుకున్నట్టు లేడు.

"పెండ్లి మీ యమ్మా నాయనదేనంట గదా. బాగుండారా?"

"బాగున్నారు."

"ఇద్దురూ?"

"ఇద్దరూ."

"సాలు తల్లీ. శానా సంతోషం."

మూలనున్న కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు.

"కర్నూలు బస్సు యాడ నిలుస్తాది?"

ఆమె కూర్చున్నచోటి నుంచే కిటికీ వైపు చేయి చూపింది.

వైవాకు బయటి నుంచి వచ్చిన పెద్దాయన థీసిస్‌ను చాలా మెచ్చుకున్నాడు. చివర్లో అడిగాడు.

"అప్పటి మేళం వాళ్ళెవరూ దొరకలేదా?"

"ఒత్తు పట్టినాయన ఒకరు వచ్చారు సార్."

"ఏం చెప్పాడు?"

"ఆ స్వరం తప్పన్నారు."

"ఎందుకు తప్పిందో అడిగావా?"

"లేదు సార్."

"ఆయన పేరు?"

"అదీ అడగలేదు సార్."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

ఫస్ట్ క్లాస్ వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. ఆమెకు మాత్రం 'ఎందుకు తప్పిందో అడిగావా' అన్న ప్రశ్న ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. యూనివర్సిటీ గేటు దగ్గర ఆ తేదీ రిజిస్టరు తిరగేస్తే వంకర అక్షరాల్లో కనపడింది: హుసేన్ వలి, పత్తికొండ.

పోవాలి, పోవాలి అనుకుంటూనే నెలన్నర గడిచింది.

ఒకరోజు కర్నూలులో బస్సు మారి పత్తికొండలో దిగింది. సన్నాయి హుసేన్ వలి అంటే ఎవరికీ తెలియలేదు. టమోటా మార్కెట్టు దగ్గర ఒక హమాలీ మాత్రం నుదురు చిట్లించాడు.

"గంపలు మోసే హుసేన్ వలినా? ఆయప్ప పోయి ఇరవై దినాలాయె గదమ్మా."

ఇల్లు అతనే చూపించాడు. హుసేన్ వలి భార్య షంషాద్ బీ గడప మీద కూర్చుని ఉంది.

శివజ్యోతి చెప్పులు విడిచి ఆమె పక్కన కూర్చుంది.

"తాతను ఒత్తు గురించి అడుగుదామని వచ్చినానవ్వా."

"ఒత్తా? ఒత్తు మా మరిది పడతాండె. ఈయప్పది సన్నాయి."

"మరి... వాయించినాయన ఆ పొద్దే పోయినాడని చెప్పినాడే?"

"ఎవురడిగినా అట్లే చెప్తాండె. పాతికేండ్లాయె, మళ్ళా సన్నాయి ముట్టల్యా. గంపలు మోసుకోని బతికినాడు."

"ఎందుకు మానేసినాడవ్వా?"

షంషాద్ బీ ఆమెను ఎగాదిగా చూసింది.

"కడప నుంచి వచ్చినావా? ఆ పెండ్లోళ్ళ బిడ్డవు నువ్వేనా?"

"అవును."

ముసలామె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఈయప్ప నీకు చెప్పొద్దనె. మంగళకార్యం, బిడ్డ మనసులో పెట్టుకుంటాదనె."

"చెప్పవ్వా."

"మా బిడ్డ శిరీన్‌కు అప్పుడు ఆరేండ్లు; బాయిలో పడి పోయిందని ఫోనొచ్చె, పెండ్లికాడ వాయిస్తాంటే ఎవురో చెవిలో చెప్పినారంట, మేళం ఆగితే పెండ్లికూతురికి కీడని, మీ యమ్మ మెళ్ళో తాళి పడేదాకా ఈయప్ప నోట్లోంచి సన్నాయి తీయలేదంట."