అరకప్పు చక్కెర

నెల్లూరు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజునే హెబ్రోను జీడిపప్పు ‘పై’ చేసిపెట్టమని అడిగాడు.

మైపాడులో ఆ తినుబండారం పేరు కూడా ఎవరూ వినలేదు. హెబ్రోను మాత్రం ఇరవై రెండేళ్లు మిషను బంగళాలో వంటవాడు. వెన్న కలిపిన మైదాపిండిని పళ్ళెంలో పరిచి, గుడ్లూ చక్కెరా గిలక్కొట్టి పోసి, పైన జీడిపప్పు పేర్చి నిప్పుల మధ్య కాల్చడం దొరసాని దగ్గర నేర్చుకున్నాడు. చక్కెర జబ్బు వచ్చాక తీపి మానేశాడు. అయినా 1961 ఎండాకాలంలో ఎడమకాలు మోకాలి దాకా తీసేశారు. పుండు మానలేదు.

వంటింటి గడప పక్కన మంచం వేయించుకుని, పడుకున్నచోటినుంచే కొలతలు చెబుతున్నాడు.

“చక్కెర కప్పున్నర పొయ్యి లీలా. ఒక్కరోజుకి ఏం గాదులే.”

భార్య ప్రేమలీల అరకప్పు పోసి డబ్బా మూత పెట్టేసింది.

పక్కన జీడిపప్పు చీలుస్తున్న జయశీల అది చూసింది. ఆమె హెబ్రోనుకు అక్క.

“ఇంకొంచెం పొయ్యవే,” అంది గొంతు తగ్గించి. “ఏడాదికి నోరు తెరిచి అడిగినాడు.”

“వద్దొదినా.”

జయశీల తనే డబ్బా అందుకోబోయింది. ప్రేమలీల లాక్కుని పై గూట్లో పెట్టేసింది.

“నీది గుండెనా, బండరాయా?” జయశీల కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయింది.

ప్రేమలీల పళ్ళేన్ని ఇసుక పోసిన కుండలోకి దించి, మూత మీద నిప్పులు పోసింది.

“పైన నిప్పులు తగ్గించు. అంచు మాడతాది,” అన్నాడు హెబ్రోను మంచం మీదనుంచే, వాసన పట్టి.

చల్లారాక ముక్క కోసి ఇచ్చింది. అతను కళ్ళు మూసుకుని నమిలాడు. సగంలో ఆగాడు.

“అరకప్పే పోసినావు.”

“అవును.”

“నేను చెప్పినా?”

“చెప్పినా సరే. గట్టిగా పథ్యం చేస్తే క్రిస్మస్‌కి మీరే పొయ్యి దగ్గర కూచుని కాలుస్తారు. అప్పుడు మీ ఇష్టం, ఎంతైనా పోసుకోండి.”

హెబ్రోను ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. కాలు తీసేశాక అతను నవ్వడం అదే మొదలు.

“ఇంటికి పంపించేస్తా ఉంటే నా పని అయిపోయిందనుకున్నా లీలా. దార్లో నిన్ను అడగడానికి కూడా భయమేసింది. పొయ్యేవాడి దగ్గర ఎవరైనా చక్కెర దాస్తారా!”

ఇంకో ముక్క అడిగి తిన్నాడు.

“రేపు వడ్రంగి ముత్యాలయ్యను రమ్మను. చంకకర్రకి కొలత తీసుకుంటాడు.”

“అట్నే,” అని ప్రేమలీల అతను తిన్న పళ్ళెం తీసుకుని పెరట్లోకి నడిచింది. జయశీల ముఖం తిప్పుకుంది. ప్రేమలీల బావి దగ్గర కూర్చుని, తెల్లబడిన పళ్ళేన్నే మళ్ళీ మళ్ళీ తోమింది.

ఆ ఉదయం ఆసుపత్రి వరండాలో డాక్టరుగారు ఆమెను పక్కకు పిలిచి అన్నది ఒక్కటే మాట: “ఇక పథ్యం అక్కర్లేదమ్మా, ఆయన ఏమడిగితే అది పెట్టండి.”