పోశవ్వ ఇంటి మోత

పాల్వంచలో ఇంటింటికీ వాకిట్లో కరెంటు పుట్టించే సొంత మిషన్ వచ్చి పన్నెండేళ్లయింది. ఒక్కో ఇంటిది ఒక్కో మోత. రెండు నెలల కిందట ఆ పాతవన్నీ ఊడదీసి, చప్పుడు లేని ఒకే రకం మిషన్లు బిగించారు. అలా ఉండాలని తీర్మానించింది విద్యుత్ ప్రమాణాల సంఘం. అందులో సభ్యురాలైన వకుళ ఆ తీర్మానం కాగితాలు చదవలేదు. భోజనాల వేళ మించిపోతోందని అందరితోపాటు చెయ్యెత్తేసింది.

ఆ సాయంత్రం ఆమె బియ్యం కడుగుతుంటే, చూపులేని పోశవ్వ నేరుగా వంటింట్లోకి వచ్చి గోడ తడమసాగింది.

"అవ్వా, ఇది మా ఇల్లు. మీది ఇంకో రెండిండ్లు దాటినంక."

"అయ్యో, నీ ఇంట్ల జొర్రిన్నా బిడ్డా! మా మిషన్ మోత ఇని ఇంట్లకు మలుగుదును. గిప్పుడు అన్నీ మూగవడ్డయి. గీ పని జేసినోళ్ల ఇండ్లల్ల నా అసొంటి గుడ్డిది లేదేమో."

వకుళ బియ్యం గిన్నె పక్కన పెట్టింది. ముసలమ్మను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. సంఘం నియమాన్ని తానే మీరి, వాకిట్లోని మిషన్ మూత తీసి లోపలి మరమేకు ఒకటి వదులు చేసింది. మిషన్ గుర్రుమంది.

"ఇప్పుడు గుర్తువడతవా అవ్వా?"

పోశవ్వ చెవి ఒగ్గి విన్నది. "మా ముసలాయన దెచ్చిన మిషన్ దగ్గినట్టు మోగేది బిడ్డా. గిది మాది గాదు." మిషన్ మూత తడిమి, "పోనీతీ, గిదే నేర్సుకుంట. నీ కడుపు సల్లగుండ!" అంటూ వకుళ కుడిచేతిని వెతికి పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఆనాడు సంఘంలో లేచిన చెయ్యి అదే.