దుప్పట్లో రిమోట్

"ఒరేయ్, ఈ ఏసీని పీకి పట్టుకుపో. లేదంటే ఇవాళ్టి నుంచి నా పడక హాల్లోనే," అంది అక్క.

ఏసీలు బిగించే తమ్ముడు మూత విప్పి చూశాడు. "దీనికి రోగమేం లేదక్కా."

"మరి ఇరవై ఆరులో పెడితే గది ఐసుగడ్డ ఎందుకవుతోంది?" అన్నాడు మంచం మీద దుప్పటి కప్పుకున్న బావ. "మీ అక్కే దొంగచాటుగా తగ్గిస్తోంది. అందుకే రిమోట్ నా దగ్గరే పెట్టుకుంటున్నా."

"దగ్గరంటే ఎక్కడ?"

బావ ఇంటి యజమాని హోదాలో దుప్పట్లోకి చెయ్యి పోనిచ్చి, పొట్ట దగ్గర్నుంచి రిమోట్ తీశాడు. అది అప్పుడే పెట్టిన కోడిగుడ్డులా వెచ్చగా ఉంది.

"ఈ బటన్ నొక్కావు కదా బావా, ఇది నొక్కితే గదిలో వేడెంతో ఏసీ రిమోట్‌ని అడుగుతుంది. చల్లబడిందంటే నెమ్మదిస్తుంది, వేడంటే ఉరుకుతుంది. ఇదేమో నీ పొట్ట వేడి చెబుతోంది. కొంప అంటుకుందనుకుని అది రాత్రంతా పరుగు. చలేసి నువ్వు ఇంకో దుప్పటి కప్పుకుంటావు, దానికింకా వేడి."

"చలేస్తోందని నువ్వు చెప్పొచ్చుగా?" అని బావ పెళ్లాం మీద పడ్డాడు. మగాడన్నాక ఎవరో ఒకరి మీద పడాలి కదా.

"రోజూ చెప్పా. దుప్పటి కప్పుకోమన్నారు."

తమ్ముడు రిమోట్ తీసి అక్క దిండు పక్కన పెట్టాడు. "ఇక్కడుంటే అక్కకెలా ఉందో అదే చూసుకుంటుంది. నువ్వు అడగక్కర్లేదు బావా."

బావ అక్క వైపు తిరిగాడు.

"నీకు ఎంతలో ఉంటే బాగుంటుంది?" అన్నాడు.

ఆవిడ వెంటనే చెప్పలేకపోయింది. ఎవరూ అడిగి ఎరగని ప్రశ్న, కాస్త ఆలోచించుకోవాల్సి వచ్చింది.