పదో సంతకం

"తొమ్మిదే ఉన్నాయి టైలరమ్మా. పదో సంతకం ఏది?"

ఎన్నికల ఆఫీసు ముందు బల్ల వేసుకుని కూర్చున్న టైపిస్టు నామినేషన్ కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు.

అదే ఆఖరి రోజు. మూడు గంటలకు గడువు. అప్పటికే ఒంటిగంట అయింది.

"మా పెదనాన్న పెడతానన్నాడు. వచ్చేస్తాడు," అంది ఆమె.

"పొద్దుటి నుంచీ వచ్చేస్తూనే ఉన్నాడు! మీ వార్డులో ఓటున్న మనిషి ఎవరైనా చాలమ్మా. పెదనాన్నే కానక్కర్లేదు."

పక్కనున్న మరిది ఒప్పుకోలేదు.

"పదీ మన కులంవాళ్ళవే ఉండాలి వదినా. మన బలం నలుగురికీ కనపడొద్దూ?"

ఆమె తలూపింది.

వాన పడితే చాలు, వార్డులో మురుగు ఇళ్ళలోకొచ్చేస్తుంది. కాలువ కోసం మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. రెండు పెద్ద పార్టీలూ ఒకడికి కులం చూసి, ఒకడికి మతం చూసి టిక్కెట్లిచ్చాయి. కాలువ మాట ఇద్దరిలో ఒక్కడూ ఎత్తలేదు. అందుకే కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి తనే నిలబడింది.

గెలిచి తీరాలి. గెలవాలంటే మరిది లెక్కలు కూడా కావాలనుకుంది.

పోయిన నెల అతను తెచ్చిన నలభై ఫారాల మీద సంతకాలు చేసింది. 'వీళ్ళు మా వార్డులో ఉండటం లేదు, ఓట్లు తీసేయండి' అని. ఓటర్ల జాబితాలో పేరును బట్టి మతం పోల్చుకుని మరిది ఏరిన పేర్లవి. అక్కడ ఎవరున్నారో, ఎవరు లేరో ఆమె వెళ్ళి చూసింది లేదు.

"అమ్మా, మీది ఐదో వార్డేనా?"

బెంచీ చివర కూర్చున్న ముసలాయన అడిగాడు. చేతిలో నోటీసు. ఒళ్ళో గొడుగు ఊచల కట్ట.

"అవునండీ."

"నాదీ అదే. మిల్లు వెనక సందు. గొడుగులు బాగుచేస్తాను. నేనక్కడ ఉండటం లేదని ఎవరో పొరపాటున రాసినట్టున్నారు. రెండున్నరకి విచారణ. వార్డువాళ్ళొకరు వచ్చి, ఉంటున్నాడని ఒక్క మాట చెబితే చాలట."

ఆమె నోటీసు అందుకుని చూసింది. ఫిర్యాదు చేసినవారి పేరు దగ్గర తన పేరే ఉంది.

మరిది ఆమె కాలు తొక్కాడు.

"మిమ్మల్ని నేనెప్పుడూ చూడలేదండీ," అంది నోటీసు తిరిగిచ్చేస్తూ. అది అబద్ధం కాదు.

"నిజమేలే తల్లీ. గొడుగు విరిగితే తప్ప నేను ఎవరి కంటా పడను," అని నవ్వాడాయన.

ఇక కూర్చోలేక, కాగితం టైపిస్టుకే అప్పగించి, మరిదిని వెంటబెట్టుకుని పెదనాన్న ఇంటికి పరుగు తీసింది.

తలుపుకు తాళం. ఫోను ఎత్తలేదు.

రొప్పుతూ తిరిగొచ్చేసరికి రెండున్నర దాటింది. టైపిస్టు చుట్టూ జనం. అతను తలెత్తకుండానే కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

"పదీ అయ్యాయి. పరుగెత్తండి!"

పదో గడిలో ఓటరు నంబరు, వంకర టింకర సంతకం.

"పెదనాన్న తాళం వేసి ఇటే వచ్చాడన్నమాట!" అంది మరిదితో. "చూశావా, ఎంతైనా మనవాడు."

వరండాలో గబగబా నడుస్తుంటే, విచారణ గది తలుపు తెరిచే ఉంది.

"సాక్షి ఎవరూ లేరా?" అంటున్నాడు లోపలి అధికారి.

ముసలాయన గుమ్మం వైపు చూశాడు. ఆమె కొంగు సర్దుకుని దాటిపోయింది.

మర్నాడు నామినేషన్ల పరిశీలన.

"పదో వ్యక్తికి ఓటు లేదు. నిన్న సాయంత్రమే తీసేశారు. మీ నామినేషన్ చెల్లదు," అన్నాడు అధికారి.

"మా పెదనాన్న ఓటు తీసేస్తారా! ఎవడి పనో తేలుస్తాను," అంటూ ఆమె బయటికొచ్చి పెదనాన్నకు ఫోను చేసింది.

"నేనెక్కడ పెట్టానే సంతకం? అవతలి పార్టీ వాళ్ళు వద్దంటే ఊరు వదిలి పోయాను. ఏమీ అనుకోకమ్మా," అన్నాడు పెదనాన్న.

ఆమె టైపిస్టు బల్ల ముందు నిలబడింది.

"నా కాగితం మీద పదో సంతకం ఎవరిది?"

"గొడుగులాయనదమ్మా. మీకు తెలుసనుకున్నానే!"

ఆమె బెంచీ పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"ఆయన్ని తీసుకొస్తాను. ఓటు మళ్ళీ రాయిస్తాను."

"ఇంకెక్కడి ఆయన? ఓటు లేనివాణ్ణి అద్దెకి ఉండనివ్వనన్నాడట ఇంటాయన. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయాడు."

"ఏ ఊరు?"

"చెప్పలేదు."

"వదిలెయ్ వదినా, వచ్చే ఎన్నికల్లో చూద్దాం," అన్నాడు మరిది.

ఆమె అతని వైపు చూడలేదు.

"ఓటు తిరిగి చేర్పించే ఫారాలున్నాయా? నలభై ఇవ్వండి. ఒక్కో ఇంటికీ నేనే వెళ్తాను. ఆయన ఊరు కూడా కనుక్కుంటాను."

టైపిస్టు ఫారాలు తీసిస్తూ అన్నాడు.

"మీ కాగితం మీది పేరూ, తన నోటీసు మీది పేరూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడమ్మా ఆయన. 'ఈవిడకా సంతకం పెడతారు?' అని నేనడిగితే, 'మా సందుకి కాలువ కావాలంటున్నది ఈవిడొక్కతే కదా' అని పెట్టేసి, తన ఓటు దక్కించుకోవడానికి ఒక్కడే లోపలికెళ్ళాడు."