తపసు మాను

"మానెక్కేది నేనే," అన్నాడు ధనంజయ. అన్నాడే గానీ, గాలి తప్ప గొంతు రాలేదు. పెదాలు చూసి అర్థం చేసుకోవాల్సి వచ్చింది.

వేషాల గదిలో అద్దం ముందున్న విజయ్ కుమార్ తల దించుకున్నాడు. తపసు ఘట్టంలో, బయలులో నాటిన నిలువు మానెక్కి పద్యం పాడేది అర్జునుడే; ఏటా ధనంజయ పెట్టుకునే ఆ కిరీటం అప్పటికే అతని నెత్తి మీద ఉంది.

భారతం ఆడే మేళానికి గురువైన వాద్యారు చెంగయ్య, ధనంజయ మెడ మీది కోతగాటు చూశాడు. థైరాయిడ్ క్యాన్సరు గడ్డ తీసి ఐదు నెలలైంది.

"డాక్టరు ఏం చెప్పినాడప్పా?"

"గొంతులో రెండు తీగలుంటే ఒకటి చచ్చుబడిందంట. టైం పడతాదంట."

"అరవై అడుగుల పైనుంచి పద్యం పాడాల. మైకు పెట్టినా ఈ గాలి యాడికి వినపడతాది? జనం ఊరుకుంటారా?"

ధనంజయ భార్య వైపు తిరిగాడు. వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని లోహిత గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె అయినా తన పక్షం మాట్లాడుతుందని ఆశపడ్డాడు.

"ఈ ఒక్క ఏడు వేరేవాళ్లను ఎక్కనీ మామా," అంది లోహిత.

ఊరంతా వద్దన్నా ఇంత బాధపడేవాడు కాదు. పెళ్లయిన తొమ్మిదేళ్లుగా తన పద్యాలన్నీ కింద నిలబడి తనతో పాటే పెదాలాడించిన మనిషి ఆమె. తన సంచి విజయ్ భుజానికి తగిలించాడు.

"ఇందులో నిమ్మకాయలు, విభూతి ఉండాయి," చెంగయ్య విజయ్‌కి జాగ్రత్తలు చెబుతున్నాడు. "పద్యం అయినాకే విసరాల. బిడ్డల్లేని ఆడోళ్లు తడిబట్టల్తో మాను చుట్టూ బోర్లా పడుకోనుంటారు. వాళ్ల పక్కన పడేట్టు సూడు. మీ ఇంటోళ్లను మాత్రం రానీయొద్దు. మానెక్కేవాడి ఇంటి ఆడది బిడ్డల వరం అడిగేది మన మేళంలో లేదు."

"మా ఇంట్లో ఆడోళ్లకు చెప్పినాను వాద్యారే."

విజయ్ మానెక్కాడు. బంగారుపాళ్యం దారిన పోయే బస్సులు కూడా కాసేపు ఆగాయి. పద్యం ఎత్తుకున్నాడు. పిల్లవాడి గొంతు బాగానే ఉంది, అదే ధనంజయకు మింగుడుపడలేదు. తనూ పెదాలు కదిపాడు. రాగం తీయాల్సిన చోట మెడ నరాలు ఉబ్బాయి తప్ప పలుకు పుట్టలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన గొంతు తనకు వినబడితే చాలనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

వేడినీళ్ల కోసం పక్కకు చేయి చాపాడు. ఫ్లాస్కు నేల మీద ఉంది. లోహిత లేదు. వేషాల గదిలో వెతికాడు, అక్కడా లేదు. తన మొహం చూడలేక ఇంటికి వెళ్లిపోయి ఉంటుందనుకున్నాడు. తొమ్మిదేళ్లలో ఆమె మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

పద్యం అయిపోయింది. నిమ్మకాయలు రాలడం మొదలైంది. జనం తోపులాటలో ధనంజయ మాను దగ్గరికి వచ్చి పడ్డాడు. అతని కాళ్ల ముందు నుంచే ఒక నిమ్మకాయ దొర్లుకుంటూ పోయి, బురదలో బోర్లా పడుకున్న ఒకామె చేతికి తగిలింది. ఆమె దాన్ని గట్టిగా పట్టుకుని కొంగులో ముడేసుకుంది. తడిసి ముద్దయిన ఆ ఆకుపచ్చ చీర అతనికి తెలుసు.

లోహిత తలెత్తి అతన్ని చూసింది.

"ఈ ఏడు పైనుండేది నువ్వు కాదు గదా మామా," అంది.