గింజ తీసిన తొన

ముప్పై ఏళ్లుగా మా ఇద్దరికీ ఒకటే అలవాటు. నేను కారు నడుపుతూ ఎడమ చెయ్యి చాపితే, పక్క సీట్లోంచి మా ఆవిడ కమలాపండు ఒలిచి, గింజ తీసిన తొన అరచేతిలో పెట్టేది. తల తిప్పి చూశానో, "నా మొహంలో ఏముంది, రోడ్డు చూడండి," అని ఆ తొన తనే తినేసేది.

ఈ సముద్రపు రోడ్డు మీద తిరగాలన్నది ఆమె కోరిక. ఆమె పోయిన ఏడాదికి ఒక్కణ్ణే వచ్చాను.

ఈ దేశంలో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, పక్క సీటు కుడివైపు. మూడు రోజులుగా అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి చాపడం, అది తలుపు అద్దానికి కొట్టుకోవడం. సాయంత్రం ఫోన్లో చెబితే మా అమ్మాయి నవ్వబోయి ఏడ్చేసింది.

"చీకటి పడ్డాక నడపకండి నాన్నా."

"ఇంకొక్క గంటేనమ్మా."

నిద్ర రాకుండా అద్దం దించాను. మరో బండి లేదు. కొండ అంచు కింద అలల చప్పుడు, అంతే. ఏదో ఆలోచిస్తూ మళ్లీ చెయ్యి చాపాను. ఈసారి అది దేనికీ తగలకుండా బయటి చీకట్లోకి పోయింది.

అలల చప్పుడు ఆగిపోయింది. అరచేతిలో ఎవరో తొన పెట్టారు.

నోట్లో వేసుకున్నాను. గింజ లేదు. ఉప్పగా ఉంది.

తల తిప్పలేదు. తిప్పితే ఇక పెట్టదు. రోడ్డు వైపే చూస్తూ మళ్లీ చాపాను. ఈసారి తొన కాదు, చల్లటి తడి వేళ్లు వచ్చి నా వేళ్లను పట్టుకున్నాయి.

ఎదురుగా మలుపు. స్టీరింగు తిప్పడానికి రెండు చేతులూ కావాలి.

చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.