కొండకి బదులు బట్టీ

బావమరిదిని ముంచడానికి బావగారికి కావలసి వచ్చింది పదహారు లారీల తెల్లరాయి.

ఆయన వాటాకి వచ్చిన ఆస్తి ఒక బోడికొండ. ఎప్పుడో దాని పాదం దగ్గర ఒక గుంత తవ్విస్తే ఎర్రమట్టి తగిలింది. అంతటితో ఆ కొండ పుట్టుపూర్వోత్తరాలన్నీ తనకి తెలిసిపోయాయని తేల్చేశాడు. ఒళ్ళు వంచడం ఆయనకి చేతకాదు గానీ, తీర్పులు చెప్పమంటే తెల్లవార్లూ చెబుతాడు.

బావమరిది అలాంటివాడు కాదు. జిప్సం రాయి తెప్పించి, బట్టీలో కాల్చి, ప్లాస్టర్ పొడి చేసి అమ్ముతాడు. ఇరవై ఏళ్ళ కష్టం ఆ బట్టీ. ఈ ప్రాంతంలో జిప్సం పరిశ్రమ పెంచుతామని ప్రభుత్వం ప్రకటించగానే దానికి ఎక్కడలేని గిరాకీ పుట్టింది, బావగారికి కళ్ళు కుట్టాయి. బావమరిదికి ఉన్న బెంగల్లా ఒక్కటే. రాయి దూరంలో ఉన్న గని నుంచి రావాలి, ఆ గనివాళ్ళు నానా తిప్పలూ పెడుతున్నారు. సొంత గని ఒకటుంటే చాలని కనపడిన ప్రతివాడి దగ్గరా వాపోయేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, నోట్లో మాట దాగనివాడిని ముంచడానికి బావే చాలు.

బావగారు ఒక లారీ డ్రైవర్‌ని పిలిపించాడు.

"మావాడు రాయి తెచ్చుకునే గని నీకు తెలుసుగా. అక్కడి రాయే కావాలి. మూడో కంటివాడికి తెలియకూడదు."

"నాకెందుకండీ మీ ఇంటి గొడవలు," అన్నాడు డ్రైవర్, రాయి ఖరీదూ డీజిల్ ఖర్చూ ముందే పుచ్చుకుని.

పోయిరావడానికి రెండు రోజుల చొప్పున నెల పైన పట్టింది. కొండకి ముందువైపు, దారి పక్కన, బావగారు దగ్గరుండి నాలుగు గుంతల్లో ఆ రాయిని పూడ్పించాడు. రెండు వానలు పడి మట్టి అణిగేదాకా ఓపిక పట్టాడు. జన్మలో ఆయన పడ్డ కష్టం అదే.

ఆ తర్వాత బావమరిదిని తీసుకువచ్చి తవ్వి చూపించాడు. ఆ పిచ్చిమాలోకం రాయిని గోటితో గీకాడు. గీత పడింది. ఒక ముక్క ఇంటికి పట్టుకెళ్ళి, దంచి, పెనం మీద వేయించి, నీళ్ళు పోసి కలిపాడు. పావుగంటలో ముద్ద గట్టిపడింది. వాడి మొహం చూడాలి, చంటిపిల్లాడికి చందమామ దొరికినట్టుంది.

"రాయి చాలా మంచిది బావా. నేను తెప్పించుకునే దానికంటే ఎంతో మేలు."

బావగారికి నవ్వు ఆపుకోలేక పొట్ట నొప్పెట్టింది. ఇరవై ఏళ్ళుగా కాలుస్తున్న రాయినే పోల్చుకోలేని వీడు బట్టీ యజమాని. ఇలాంటివాడి చేతిలో బట్టీ ఉండటమే పాపమని, తను చేస్తున్నది మోసం కాదు, దిద్దుబాటని సర్దిచెప్పుకున్నాడు.

"కొండ నీకు, బట్టీ నాకు. పరాయివాళ్ళమా, రాసుకుందాం," అన్నాడు పెద్దరికంగా.

ఆ సాయంత్రం భార్య అడిగింది. "ఏమండీ, తమ్ముడికి మంచే కదా చేస్తున్నారు?"

"వాడికి నేనొక మనిషిని ఉన్నాను కాబట్టి సరిపోయింది," అన్నాడు బావగారు. ఆవిడ నిజంగానే సంతోషించింది. ఆవిడ సంతోషం చూసినా ఆయనకి మనసులో చీమ కుట్టినట్టైనా లేదు.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. మర్నాడే బావగారు బట్టీకి వెళ్ళి బావమరిది కుర్చీలో కూర్చున్నాడు, పనివాళ్ళ మీద కేకలేశాడు, కాలు మీద కాలు వేసుకున్నాడు. వారం తిరగకుండా రాయి నిండుకుంది. గనివాళ్ళకి ఫోన్ చేస్తే, ఉన్న రాయంతా ఒక పెద్ద కంపెనీకి రాసిచ్చేశామని, ఇక గులకరాయి కూడా ఇవ్వలేమని చెప్పి పెట్టేశారు. బట్టీ చల్లారింది. పనివాళ్ళు గోడకి చేరబడి బావగారి వంకే చూస్తున్నారు.

అయినా ఆయన జంకలేదు. డ్రైవర్‌కి కబురు పెట్టాడు.

"ఆ గనిలో నీకు తెలిసినవాళ్ళున్నారుగా. అప్పుడు గుట్టుగా పదహారు లారీలు తెచ్చావు, ఇప్పుడూ అలాగే తెచ్చిపెట్టు. ఎంత అడిగితే అంత ఇస్తాను."



"తెచ్చేవాడినే సార్, కానీ నిన్నటి నుంచి అక్కడ మీ బావమరిది కంచె వేయిస్తున్నాడు," అన్నాడు డ్రైవర్.

"గనికి వాడు కంచె వేయించడమేమిటయ్యా?"

"ఆ గని మొహం నేనెప్పుడు చూశాను సార్? అంత దూరం డీజిల్ దండగని, నలుగురు కూలీల్ని పెట్టి, పదహారు లారీలూ మీ కొండ వెనకవైపే తవ్వించి తెచ్చాను."